ఈ గుమాస్తా మనకు పనికొస్తున్నాడా?

ఏ కళాశాలలోనైనా సరే, వక్తృత్వపు పోటీ అనగానే నిర్వాహకులకు చటుక్కున తట్టే అంశం ఒకటుంది: "విజ్ఞానశాస్త్రం వరమా? శాపమా?" మనకంటే ముందు తరాలవారు దీని మీదే గొంతు చించుకుని కప్పులు గెలుచుకున్నారు. తరువాత సినిమా వరమా శాపమా అన్నారు. ఆపైన టెలివిజన్, ఆపైన సెల్‌ఫోను. ఇప్పుడా కుర్చీలో కృత్రిమ మేధ వచ్చి కూర్చుంది. వరమన్నవారు ఐదు నిమిషాలు మాట్లాడతారు, శాపమన్నవారు ఐదు నిమిషాలు మాట్లాడతారు, గంట కొడతారు. ఇద్దరూ వేదిక దిగి, జేబులోంచి ఫోను తీసి, ఆ కృత్రిమ మేధనే ఏదో అడుగుతూ క్యాంటీన్ వైపు నడుస్తారు! ఆ రెండు ఉపన్యాసాలూ అది రాసిపెట్టినవే కావని ఎవరు చెప్పగలరు?

వరమా శాపమా అన్న ప్రశ్నతో వచ్చిన చిక్కేమిటంటే, దానికి ఏ జవాబు చెప్పినా మన దినచర్యలో వీసమెత్తు మార్పు రాదు. అడగవలసిన ప్రశ్న అంతకంటే చిన్నది, అంతకంటే కష్టమైనదీను. రాత్రీ పగలూ మన చేతిలో ఉండి, అడిగినదానికల్లా బదులిచ్చే ఈ వర్చువల్ అసిస్టెంటు నాకు నిజంగా పనిచేస్తున్నదా? పనిచేస్తున్నదని నాకు ఎట్లా తెలుసు? ఈ వ్యాసంలో నేను మనవి చేయబోయేది ఈ రెండో ప్రశ్న గురించే. ఎందుకంటే మనలో చాలామందిమి మొదటి ప్రశ్నకు "ఆహా, బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అని ఠక్కున చెప్పేస్తాం గానీ, రెండోదాని దగ్గరకు వచ్చేసరికి నీళ్ళు నములుతాం.

ముందుగా ఈ అదృశ్య సహాయకుని వంశవృక్షం కొంచెం చూద్దాం. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు "ఎలైజా" అనే కంప్యూటర్ ప్రోగ్రామును లోకానికి చూపించాడు. అది మానసిక వైద్యుడిలా సంభాషించేది. నిజానికి దానికి తెలిసింది ఏమీ లేదు. మీరన్న మాటనే తిప్పి ప్రశ్నగా మీకు అప్పగించేది, అంతే. అయినా, అతడు నెలల తరబడి దాన్ని తయారుచేయడం కళ్ళారా చూసిన అతని సెక్రటరీయే దానితో నాలుగు మాటలు మాట్లాడగానే, "కొంచెం మీరు గది బయటికి వెళతారా?" అని అతడినే అడిగిందట! ఈ సంగతి అతడే తన 1976 నాటి గ్రంథంలో చెప్పుకున్నాడు. తాను చేసిన యంత్రం తెలివికి కాదు, మనుషులు అంత త్వరగా దానికి మనసిచ్చేయడానికి అతడు భయపడ్డాడు. ఆ తరువాత 2011లో యాపిల్ వారి సిరి, 2014లో అమెజాన్ వారి అలెక్సా, 2016లో గూగుల్ అసిస్టెంటు, 2022 నవంబరు ఆఖరున చాట్‌జీపీటీ వచ్చాయి. పాట పెట్టమంటే పెట్టి, అలారం కొట్టమంటే కొట్టిన సహాయకులు ఇవాళ వ్యాసం రాస్తున్నారు, లెక్క చేస్తున్నారు, ప్రేమలేఖ కూడా దిద్దిపెడుతున్నారు. యంత్రం చాలా మారింది. మనం మాత్రం ఆ సెక్రటరీ దగ్గరే ఉన్నాం అంటే అతిశయోక్తి కాదేమో!

మన పెద్దలు కొట్లో గుమాస్తాను పెట్టుకుంటే ఏం చూసేవారు? అతని మాట నేర్పును కాదు. సాయంత్రం దీపం పెట్టే వేళకు చిట్టా తెరిచి, గల్లాపెట్టెలో సొమ్మూ పుస్తకంలో అంకెలూ కలిశాయా లేదా అని చూసేవారు. పాలేరును పెట్టుకున్న రైతు అతని కబుర్లు విని ఊరుకోడు, గట్టెక్కి మడి చూస్తాడు. నీళ్ళు పారాయా, కలుపు తీశాడా అన్నది మడే చెబుతుంది. ఇంత తెలివైన జాతివాళ్ళం, ఈ కొత్త గుమాస్తా విషయంలో మాత్రం చిట్టా తెరవకుండానే జీతం ఇచ్చేస్తున్నాం.

కొన్ని పనుల్లో చిట్టా చూడడం సుళువే. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్ ద్వారా "మన మిత్ర" సేవలను ప్రారంభించింది. అటువంటిచోట కొలబద్ద ఒక్కటే: ధ్రువపత్రం చేతికి వచ్చిందా, రాలేదా? ఆఫీసు చుట్టూ తిరగడం తప్పిందా, తప్పలేదా? కానీ చదువు దగ్గర, రాత దగ్గర, ఆలోచన దగ్గర ఇంత తేలిక కాదు. ఇక్కడ మనం మూడు తప్పుడు కొలబద్దలు వాడుతున్నాం.

మొదటిది, "టైము కలిసొస్తోంది" అన్న అనుభూతి. అనుభూతి అంటున్నాను, లెక్క అనడం లేదు. 2025లో మీటర్ అనే అమెరికన్ పరిశోధన సంస్థ ఒక చక్కని పరీక్ష చేసింది. కాకలు తీరిన ప్రోగ్రామర్లు 16 మందిని తీసుకుని, వారికి బాగా పరిచయమున్న సాఫ్ట్‌వేర్‌లోనే 246 పనులు అప్పగించారు. కొన్ని పనులకు ఏఐ సహాయం తీసుకోవచ్చు, కొన్నింటికి కూడదు. ఏ పని ఏ వర్గంలోకి వస్తుందో చీటీ తీసినట్లు నిర్ణయించారు. మొదలుపెట్టక ముందు వారిని అడిగితే, సహాయకుడుంటే 24 శాతం సమయం తగ్గుతుందన్నారు. అంతా అయిపోయాక అడిగితే 20 శాతం తగ్గిందన్నారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ పట్టింది! పని చేసింది వాళ్ళే, ఆ పనిలో పండితులూ వాళ్ళే, అయినా తమ సమయం ఎటుపోయిందో తమకే తెలియలేదు. సహాయకుడికి వివరంగా చెప్పడం, అది రాసేదాకా ఎదురుచూడడం, రాసినదాన్ని చదివి దిద్దడం... ఇవేవీ "పని"లా అనిపించలేదు కాబట్టి మనసు వాటిని లెక్కలో వేయలేదు. ఇది 2025 తొలినాళ్ళ పనిముట్లతో, కొద్దిమంది నిపుణులతో చేసిన పరీక్ష సుమండీ. అందరికీ, అన్ని పనులకీ ఇలాగే అవుతుందని దీన్నిబట్టి అనకూడదు. కానీ ఒక్కటి మాత్రం తేలింది. "నాకు బాగా పనిచేస్తోంది" అని మనకు అనిపించడం, నిజంగా పనిచేయడం రెండూ ఒకటి కాదు.

రెండో తప్పుడు కొలబద్ద, మాటలోని ధీమా. మన లెక్చరర్లకు తెలియని ప్రశ్న వేస్తే, మంచివారైతే "రేపు చూసి చెబుతాను" అంటారు, కొందరు కసురుకుంటారు. ఎటుచూసినా వారికి తెలియలేదని మనకు తెలిసిపోతుంది. ఈ యంత్రం దగ్గర ఆ సూచన దొరకడం కష్టం. ఇది పనిచేసే తీరే అటువంటిది. కోట్ల పేజీల రాతలను చదివించి, ఒక మాట తరువాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశముందో దానికి నేర్పారు. వాక్యం నున్నగా రావడం దానికి వెన్నతో పెట్టిన విద్య. ఆ వాక్యం నిజం కావడం వేరే సంగతి. అందుకే అది నిజాన్నీ అబద్ధాన్నీ ఒకే గొంతుతో చెబుతుంది. 2023లో న్యూయార్కులో ఒక విమాన సంస్థ మీద వేసిన దావాలో వాది తరఫు న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించారు. తీరా చూస్తే అలాంటి తీర్పులే లేవు! ఇందులో మనం నేర్చుకోవలసిన ముక్క వేరే ఉంది. ఒక న్యాయవాది అనుమానం వచ్చి "ఇవి నిజమైన కేసులేనా?" అని అడిగాడు. ఎవరిని? ఆ చాట్‌జీపీటీనే! నిజమైనవేనని అది బదులిచ్చింది. గుమాస్తా లెక్కను గుమాస్తా చేతనే తనిఖీ చేయిస్తే ఏమవుతుందో అదే అయింది. కోర్టు 5000 డాలర్ల జరిమానా వేసింది.

ధీమాకు తోడు పొగడ్త కూడా ఉంది. ఏ జవాబు మనుషులకు నచ్చిందో చూసి ఈ యంత్రాలకు తర్ఫీదు ఇస్తారు గనుక, మనల్ని మెప్పించే గుణం వాటికి మెల్లగా అబ్బుతుంది. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీకి చేసిన ఒక మార్పు వల్ల అది మరీ ముఖస్తుతి చేస్తోందని గోల పుట్టి, తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే ఆ మార్పును కొద్ది రోజుల్లో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మీరు రాసిన కవిత చూపించి "ఎలా ఉంది?" అని అడగండి, "అద్భుతం" అంటుంది. మన సాహితీ సంఘం సమావేశాల్లో ఒకరి కవితను ఒకరు మెచ్చుకునే తీరు చూసినవారికి ఇదేమంత కొత్త కాదనుకోండి! కానీ మెచ్చుకోలు వేరు, దిద్దుబాటు వేరు.

మరి ఈ ధీమాను ఎలా పరీక్షించాలి? నాకు తోచిన ఉపాయం ఇది. మీకు తెలియనిది అడిగే ముందు, మీకు బాగా తెలిసినది అడగండి. తెలుగు విద్యార్థులైతే ఒక ఉత్పలమాల రాయమనండి. ప్రతి పాదానికీ భ-ర-న-భ-భ-ర-వ గణాలు కుదిరాయా, 20 అక్షరాలున్నాయా, పదో అక్షరం దగ్గర యతి చెల్లిందా, రెండో అక్షరం ప్రాస నిలిచిందా అని పెన్సిలు పట్టుకుని గురులఘువులు వేసి చూడండి. లేదా ప్రశ్నలోనే ఒక తప్పు పెట్టండి: "అరణ్యపర్వ శేషాన్ని తిక్కన ఎందుకు పూరించాడు?" అనండి. దాన్ని పూరించింది తిక్కన కాదు, ఎర్రన అని మిమ్మల్ని సరిదిద్దితే ఆ గుమాస్తాకు ఒక మార్కు వేయండి. తిక్కన పూరించడానికి ఐదు కారణాలున్నాయంటూ వరుసగా చెప్పుకుపోతే, నిన్న రాత్రి మీరడిగిన సెమినార్ పేపరుకు అది చెప్పిన ఐదు కారణాల సంగతి కూడా ఒకసారి ఆలోచించుకోండి. కామర్సు విద్యార్థులు చిట్టా ఇచ్చి ట్రయల్ బ్యాలెన్స్ తీయమనవచ్చు. రెండు వైపులా కలిసినా అంతటితో వదలకుండా, పద్దులు ఒక్కొక్కటి చూడండి. సైన్సు వారు యూనిట్లు సరిపోయాయా అని చూస్తే చాలు, సగం గుట్టు బయటపడుతుంది. మనకు తెలిసిన పొలంలో వాడు ఎలా దున్నుతాడో చూశాకే, తెలియని పొలం అప్పగించాలి. ఒకసారి పరీక్షించి ఊరుకోకూడదు కూడా. ఈ సరుకు నెలనెలా మారుతూ ఉంటుంది. నిరుడు తప్పినది ఇవాళ ఒప్పవచ్చు, ఇవాళ ఒప్పినది రేపు తప్పవచ్చు.

మూడో తప్పుడు కొలబద్ద అన్నిటికంటే ప్రమాదకరమైనది. అది మన చేతికి వచ్చిన కాగితం. రికార్డు పూర్తయింది, అసైన్‌మెంటు ఇచ్చేశాం, మార్కులు పడ్డాయి; కాబట్టి సహాయకుడు పనిచేసినట్లే అనుకుంటాం. టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు విద్యార్థులతో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు గణితంలో ఒక ప్రయోగం చేశారు. ఒక జట్టుకు మామూలు చాట్ సహాయకుణ్ణి ఇచ్చారు. మరో జట్టుకు జవాబు చెప్పకుండా, దారి మాత్రమే చూపేలా మలచిన సహాయకుణ్ణి ఇచ్చారు. మూడో జట్టుకు పుస్తకమూ నోట్సూ తప్ప ఏమీ లేవు. అభ్యాసం చేసేటప్పుడు మొదటి జట్టు మూడో జట్టుకంటే 48 శాతం మెరుగ్గా చేసింది, రెండో జట్టు ఏకంగా 127 శాతం మెరుగ్గా చేసింది. ఆ తరువాత సహాయకుణ్ణి తీసేసి పరీక్ష పెట్టారు. మొదటి జట్టు, అసలు సహాయకుడి మొహమే చూడనివాళ్ళకంటే 17 శాతం తక్కువ తెచ్చుకుంది! దారి చూపే సహాయకుడున్న జట్టు మాత్రం దెబ్బతినలేదు, అలాగని మూడో జట్టును మించిపోనూ లేదు. "చదవేస్తే ఉన్న మతి పోయింది" అని మనవాళ్ళు ఊరికే అన్నారా?

దీనికి కొందరు మిత్రులు ఒక సమాధానం చెబుతారు. "ఏముంది లెండి, పూర్వం గైడ్లు లేవా? బజారు నోట్సు లేవా? సీనియర్ల రికార్డులు చూసి ఎక్కించుకున్నవారు ఇవాళ పెద్ద పెద్ద ఉద్యోగాల్లో లేరా?" అని. ఉన్నారు, కాదనను. కానీ గైడు చూసి రాసినా, కనీసం ఆ పది పేజీలూ చేత్తో రాయవలసి వచ్చేది. రాస్తుంటే చేతికైనా కొంత అంటుకునేది. పైగా గైడుకు ఎదురు ప్రశ్న వేస్తే జవాబిచ్చేది కాదు, కాబట్టి ఎక్కడో ఒకచోట మన బుర్రకు పని తగిలేది. ఇవాళ ఆ చివరి పని కూడా లేదు. ప్రశ్న మాస్టారిది, జవాబు యంత్రానిది. మధ్యలో మనం తపాలా బంట్రోతులం!

ఇలా అన్నానని ఈ సహాయకుణ్ణి గేటు బయటికి గెంటమని నా వాదన కాదు. ఆ మాట అనగలిగే వాళ్ళు బహుశా ఇంట్లో ఇంగ్లీషు వచ్చిన తండ్రీ, పక్కవీధిలో ట్యూషన్ మాస్టారూ ఉన్నవాళ్ళయి ఉంటారు. తెలుగు మాధ్యమంలో ఇంటరు దాకా చదివి, యూనివర్సిటీలో అడుగుపెట్టి, మొదటి రోజు ఇంగ్లీషు పాఠం వింటూ బిక్కచచ్చి కూర్చున్న పల్లెటూరి పిల్ల సంగతి ఆలోచించండి. క్లాసులో లేచి అడిగితే ఇంగ్లీషు తడబడుతుంది, వెనకనుంచి నవ్వులు వినిపిస్తాయి. అదే పిల్ల రాత్రి పదకొండు గంటలకు హాస్టలు గదిలో కూర్చుని, "ఈ పేరా నాకు తెలుగులో చెప్పు, ఇంకా తేలికగా చెప్పు, ఒక ఉదాహరణతో చెప్పు" అని పదిసార్లు అడిగినా విసుక్కోని వాడు ఒకడు దొరికాడు. ఇది చిన్న విషయం కాదు. ఆ పిల్లకు ఈ సహాయకుడు పనిచేస్తున్నాడు. కానీ ఎప్పటిదాకా? మర్నాడు అదే పేరాను పుస్తకం మూసి తన మాటల్లో చెప్పగలిగితే పనిచేసినట్లు. అదే రాత్రి "దీనికి జవాబు రాసి ఇవ్వు" అంటే, ఆమెకు అందవలసిన మెట్టునే ఎవరో తీసుకుపోయినట్లు. ఒకే ఫోను, ఒకే పిల్ల, ఒకే రాత్రి... తేడా అంతా అడిగే తీరులో ఉంది. ఇంటర్వ్యూ గదిలోకి ఆమె వెంట ఆ సహాయకుడు రాడు కదా!

అలాంటి పిల్లకే దీని లోపాల వల్ల ఎక్కువ నష్టం అని కూడా మరవకూడదు. ఈ యంత్రాలను పెంచిన రాతల్లో ఇంగ్లీషుదే సింహభాగం, తెలుగు వాటా చాలా తక్కువ. కనుక తెలుగులో అడిగిన ప్రశ్నకు వచ్చే జవాబును మరింత జాగ్రత్తగా చూడాలి. అందులో తప్పు పట్టగలిగే చదువు ఎవరికి తక్కువో, వారే దాన్ని ఎక్కువగా నమ్మవలసి రావడం విచారకరం. అందుకే పరీక్షించే విద్య ఒకరిద్దరు ఘనులకు కాదు, అందరికీ కావాలి.

బాధ్యత మాట కూడా చెప్పుకోవాలి. 2024 ఫిబ్రవరిలో కెనడాలో ఒక ట్రిబ్యునల్ ఒక తగాదా మీద తీర్పు చెప్పింది. ఎయిర్ కెనడా వారి చాట్‌బాట్ టిక్కెట్టు రాయితీ గురించి ప్రయాణికుడికి తప్పు చెప్పింది. "చాట్‌బాట్ మాటలకు చాట్‌బాటే బాధ్యురాలు, మేము కాదు" అన్న ధోరణిలో సంస్థ వాదించింది. ట్రిబ్యునల్ ఆ వాదాన్ని కొట్టివేసి పరిహారం ఇప్పించింది. మనకూ అదే న్యాయం వర్తిస్తుంది. సంతకం ఎవరిదో తప్పు వారిది. "అది అలా చెప్పింది సార్" అన్న మాట వైవాలో చెల్లదు, రేపు ఉద్యోగంలోనూ చెల్లదు.

ఇంతకీ చేయవలసిందేమిటి? పదిహేను రోజుల పాటు ఒక ఇరవై పేజీల నోటుబుక్కు పెట్టండి. సహాయకుణ్ణి పిలిచిన ప్రతిసారీ నాలుగు ముక్కలు రాయండి. ఏ పనికి పిలిచాను? చెప్పడానికీ దిద్దడానికీ కలిపి గడియారం ప్రకారం ఎంతసేపు పట్టింది? జవాబులో తప్పులెన్ని, వాటిని దేనితో సరిచూశాను? మర్నాడు అది లేకుండా అదే పని నేను చేయగలిగానా? పదిహేనో రోజున కూడండి. కొన్ని పనులకు సమయం నిజంగానే మిగిలినట్లు తేలుతుంది. వాటికి నిస్సంకోచంగా వాడుకోండి. కొన్నిచోట్ల సమయం పోగా తప్పులు మిగిలాయని తేలుతుంది, అక్కడ మానేయండి. నాలుగో గడి నిండా "లేదు, లేదు, లేదు" అని ఉంటే మాత్రం, మీరు గుమాస్తాను పెట్టుకోలేదు, కొట్టునే అతని పేర రాసిచ్చారన్నమాట.

లెక్చరర్లకు ఒక్క మనవి. ఏ ప్రశ్నకు యంత్రం అర నిమిషంలో నిండైన జవాబు ఇవ్వగలదో, ఆ ప్రశ్నను ఇంటికి ఇచ్చి విద్యార్థిని దొంగ అనడంలో అర్థం లేదు. ఇంటి దగ్గర రాయించిన ప్రతి పేపరు మీదా ఐదు నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించండి. అవసరమైతే "యంత్రం రాసిన ఈ జవాబులో తప్పులు పట్టు" అనే ప్రశ్నే ఇవ్వండి. పూర్వ విద్యార్థులకు మరో మనవి. మీ ఆఫీసుల్లో ఈ సహాయకులతో మీరు పొందిన మేలూ, పడిన పాట్లూ మా పిల్లలకు వచ్చి దాపరికం లేకుండా చెప్పండి. విద్యార్థి సంఘానికి ఆఖరి మనవి. వచ్చే ఏడాది ఆ వరమా శాపమా పోటీని కాస్త పక్కన పెట్టి, ఎవరి నోటుబుక్కు వారు తెచ్చి, తమ లెక్క తాము నలుగురి ముందు చదివే సభ ఒకటి పెట్టండి. కప్పు ఇవ్వకపోయినా ఫరవాలేదు.

మిత్రులారా! జీతం అడగని గుమాస్తాను నమ్మడానికి లోకంలో ఏ షావుకారూ సాహసించడు. మనం డబ్బుగా ఇవ్వకపోయినా, దానికి జీతం మరో రూపంలో ముడుతూనే ఉంది. మన సమయం, మన ఆంతరంగిక విషయాలు, అన్నిటికీ మించి మన అభ్యాసం. ఇరవై ఏళ్ళ వయసులో మన దగ్గరున్న పెట్టుబడి అంతా అదే. అంత పెట్టుబడి పెట్టినప్పుడు చిట్టా తెరిచి చూడడం అపనమ్మకం కాదు, యజమాని ధర్మం.